అధ్యక్షస్థానం, వాక్యార్థం: యూరోపియన్ పార్లమెంటు ప్లీనరీ ఓటింగ్‌పై భాషావిమర్శ

వ్యాససంగ్రహం

ఉమ్మడి భాష లేని చట్టసభలో అధ్యక్షుడు పలికే మాట అందరికీ ఒకే అర్థాన్నిస్తుందా? అది ఒకే సమయంలో అందరికీ చేరుతుందా? ఈ రెండు ప్రశ్నల వెలుగులో యూరోపియన్ పార్లమెంటు ప్లీనరీ సమావేశాల అధ్యక్షభాషను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శాబ్దబోధకు భారతీయ శాస్త్రం చెప్పిన ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు హేతువులే ఇక్కడ విమర్శకు పరికరాలు. మొదటి రెండింటికీ సభానియమాలు రక్షణ కల్పించాయనీ, మూడవదైన సన్నిధి మాత్రం చాలావరకు అధ్యక్షుని వివేకం మీదే ఆధారపడి ఉందనీ, అందువల్ల బహుభాషా సభలో నిష్పాక్షికతకు అసలైన గీటురాయి ఓటింగ్ వేగమేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: యూరోపియన్ పార్లమెంటు, అధ్యక్షభాష, ప్లీనరీ, ఓటింగ్, ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, ధ్వని, తత్క్షణ అనువాదం.

1. ఉపోద్ఘాతం

యూరోపియన్ పార్లమెంటులో 2024 ఎన్నికల తరువాత 720 మంది సభ్యులున్నారు. వారు 27 దేశాలకు ప్రతినిధులు. అధికార భాషలు 24. 1958లో భాషల గురించి తొలి నియమావళి వెలువడినప్పుడు ఆ సంఖ్య నాలుగు మాత్రమే: డచ్చి, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్. నాలుగు భాషల మధ్య అనువాద మార్గాలు 12. 2013లో క్రొయేషియా చేరికతో భాషలు 24 కాగా, ఆ మార్గాలు 552కు పెరిగాయి. స్ట్రాస్‌బర్గ్‌లోని అర్ధచంద్రాకార సభామందిరంలో సభ్యులు దేశాలవారీగా కాక రాజకీయ బృందాలవారీగా కూర్చుంటారు. పక్కపక్క ఆసనాల్లోని ఇద్దరికి సిద్ధాంతం ఒకటే కావచ్చు, భాష మాత్రం వేరుగా ఉండవచ్చు.

ఇటువంటి సభలో ఉపన్యాసాల గురించి, విధానాల గురించి పరిశోధన విస్తారంగానే జరిగింది. అధ్యక్షస్థానం నుంచి వెలువడే చిన్నచిన్న వాక్యాలను మాత్రం ఒక వాఙ్మయరూపంగా చూసిన సందర్భాలు తక్కువ. "ఓటింగ్ ప్రారంభమైంది", "ఓటింగ్ ముగిసింది", "ఆమోదం పొందింది", "తిరస్కృతమైంది" అనే మాటల్లో అలంకారం లేదు, వక్త వ్యక్తిత్వమూ లేదు. అయినా సభ మొత్తం మీద అందరూ తప్పనిసరిగా వినవలసిన మాటలు ఇవే. సభ్యుడు ఒక ఉపన్యాసం వినకపోయినా ఓటు వేయగలడు. ఈ వాక్యాన్ని వినకపోతే మాత్రం ఓటు వేయలేడు. కాబట్టి ఈ సభకున్న ఏకైక ఉమ్మడి పాఠం అధ్యక్షభాషే అనడం అతిశయోక్తి కాదు.

2. అధ్యక్షస్థానం: అధికారం, హద్దులు

అధ్యక్షుని పదవీకాలం రెండున్నర సంవత్సరాలు. తిరిగి ఎన్నిక కావచ్చు. ఉపాధ్యక్షులు 14 మంది. సమావేశాలు దీర్ఘంగా సాగుతాయి కనుక వీరు వంతులవారీగా అధ్యక్షత వహిస్తారు. అంటే అధ్యక్షత ఒక వ్యక్తికి చెందిన గుణం కాదు. అనేకులు ధరించే పాత్ర. సమావేశాన్ని ప్రారంభించడం, నిలిపివేయడం, ముగించడం, వక్తలను పిలవడం, సవరణలు చర్చార్హమో కాదో నిర్ణయించడం, ప్రశ్నను ఓటింగుకు పెట్టడం, ఫలితాన్ని ప్రకటించడం ఆ పాత్ర విధులు. చర్చలో పాల్గొనదలచిన అధ్యక్షుడు ఆ స్థానాన్ని విడిచి సభ్యుల మధ్యకు రావాలి. ఆ చర్చ ముగిసేవరకు తిరిగి ఆ స్థానంలో కూర్చోరాదు. వాదించే నోరు, ప్రశ్నను నివేదించే నోరు ఒకటి కాకూడదన్నది ఈ నియమం సారం.

1979 జులైలో ప్రత్యక్ష ఎన్నికల తరువాతి తొలి సమావేశానికి వయోవృద్ధ సభ్యురాలిగా 86 ఏళ్ళ లూయీ వైస్ అధ్యక్షత వహించారు. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డ సిమోన్ వే ఆ సమావేశంలో అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. వయోవృద్ధులే తొలి సమావేశాన్ని నడిపే ఆ సంప్రదాయాన్ని 2009లో మార్చారు. అది కొనసాగి ఉంటే ఆ గౌరవం ఫ్రెంచి తీవ్ర జాతీయవాద నాయకుడు ఝాఁ-మరీ లెపెన్‌కు దక్కి ఉండేది. కొన్ని గంటలపాటు నడిచే లాంఛనప్రాయమైన అధ్యక్షత కోసం నియమాన్నే మార్చారంటే, ఆ స్థానం నుంచి పలికే మాటను సభ కేవలం లాంఛనంగా భావించలేదని స్పష్టం.

3. శాబ్దబోధ హేతువులు

అధ్యక్షవాక్యాలు ఒక విషయాన్ని వర్ణించవు. పలకడంతోనే కార్యాన్ని నెరవేరుస్తాయి. పాశ్చాత్య తత్త్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ ఇటువంటి వాక్కులను ప్రత్యేకంగా గుర్తించి, అవి సఫలం కావడానికి తగిన వ్యక్తి, తగిన సందర్భం, తగిన పద్ధతి కావాలన్నాడు. ఈ సిద్ధాంతం పలికేవారి వైపు నుంచి పరిస్థితిని చక్కగా వివరిస్తుంది. 24 భాషల సభలో సమస్య వినేవారి వైపు కూడా ఉంది. అందుకు భారతీయ శాబ్దబోధ విచారణ ఎక్కువగా తోడ్పడుతుంది.

ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో వాక్యార్థజ్ఞానానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి హేతువులని నిర్దేశించాడు. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు సన్నిధిని ఆసత్తి అన్నాడు. ఒక పదం తన అర్థాన్ని పూర్తి చేసుకోవడానికి మరో పదాన్ని కోరడం ఆకాంక్ష. పదార్థాల మధ్య పరస్పర విరోధం లేకపోవడం యోగ్యత. నిప్పుతో తడపమంటే యోగ్యత లోపించినట్టే. పదాలను ఎడం లేకుండా ఉచ్చరించడం సన్నిధి. ఒక పదం ఇప్పుడు, మరొకటి జాము గడిచాక పలికితే అర్థబోధ కలగదు. ఈ మూడూ వాక్యనిర్మాణానికి సంబంధించినవే అయినా శ్రోతకు అర్థం ఎలా చేరుతుందన్న ప్రశ్న నుంచి పుట్టినవి. కనుకనే వీటిని ఓటింగ్ ప్రక్రియకు అన్వయించడం సమంజసం.

4. ఆకాంక్ష: అంకె ప్రశ్నగా మారినచోట

ప్లీనరీ ఓటింగులో అధ్యక్షుడు సవరణ పూర్తి పాఠాన్ని చదవడు. దాని సంఖ్యను మాత్రమే ప్రకటిస్తాడు. "ఏడవ సవరణ" అన్నది సాకాంక్షమైన పదబంధం. ఏ పత్రంలోని ఏడవది? దేన్ని చేర్చుతుంది, దేన్ని తొలగిస్తుంది? ఈ ఆకాంక్షను పూరించేది సభ్యుని ముందుండే ఓటింగ్ జాబితా. ప్రతి రాజకీయ బృందమూ ఏ అంశానికి ఎటు ఓటు వేయాలో తన సభ్యులకు ముందుగా సూచిస్తుంది. సగం వాక్యం అధ్యక్షుని నోట, సగం వాక్యం సభ్యుని చేతిలోని కాగితంపై ఉంటాయన్నమాట.

ఈ ఏర్పాటు భాషాభేదాన్ని తెలివిగా దాటుతుంది. అంకెను ఏ భాషలోకి మార్చినా అర్థచ్ఛాయ మారదు. చేతులెత్తి ఓటు వేసే పద్ధతికీ ఇదే బలం. మన చట్టసభల్లో మూజువాణి ఓటుకు అధ్యక్షుడు చెవిని నమ్ముతాడు. యూరోపియన్ పార్లమెంటులో కంటిని నమ్ముతాడు. ఎత్తిన చేయికి అనువాదం అక్కర్లేదు. అధ్యక్షుని అంచనాపై సందేహం కలిగితే ఎలక్ట్రానిక్ యంత్రంతో సరిచూస్తారు. చట్టప్రతిపాదనల తుది ఓటింగులో ఎవరు ఎటు ఓటు వేశారో పేర్లతో నమోదు చేయడం తప్పనిసరి.

అయితే అంకెపై ఆధారపడిన వాక్యానికి ఒక బలహీనత ఉంది. అధ్యక్షుడు చెప్పిన అంశం, సభ్యుడు చూస్తున్న వరుస ఒకటి కాకపోతే ఆకాంక్ష పూరింపబడుతుంది గాని తప్పు అర్థంతో పూరింపబడుతుంది. వినపడని వాక్యం కంటే ఇది ప్రమాదకరం. వినపడనివాడు తిరిగి అడుగుతాడు. మరో అర్థం తీసుకున్నవాడికి అడగవలసిన అవసరమే తోచదు.

5. యోగ్యత: సవరణల వరుస

ఒకే వాక్యానికి పలు సవరణలు వచ్చినప్పుడు మూలపాఠానికి అత్యంత దూరంగా ఉన్నదాన్ని ముందుగా ఓటింగుకు పెడతారు. అది ఆమోదం పొందితే దానితో విరోధించే ఇతర సవరణలు వాటంతటవే వీగిపోతాయి. ఒక పాఠంలో "పది శాతం" అని ఉందనుకుందాం. ఒకరు దాన్ని "నలభై" అని, మరొకరు "ఇరవై" అని మార్చాలని కోరితే ముందు నలభైపై సభాభిప్రాయం తెలుసుకుంటారు. అది గెలిచాక ఇరవైపై ఓటింగ్ జరపడం అర్థరహితం. ఒకే వాక్యంలో రెండు విరుద్ధార్థాలు నిలవవు.

ఇది యోగ్యతారక్షణ తప్ప మరొకటి కాదు. 720 మంది కలిసి రాస్తున్న పాఠంలో ఏ వాక్యమూ మరో వాక్యాన్ని కొట్టివేయకుండా చూసే సంపాదకబాధ్యత ఇక్కడ అధ్యక్షునిది. ఏ రెండు సవరణలు పరస్పర విరుద్ధాలో నిర్ణయించడంలో విచక్షణకు చోటుంది కనుక ఇది నిరపాయమైన అధికారం కాదు. అయినా దానికి లిఖిత నియమం ఉంది, ముందుగా పంచిన జాబితా ఉంది, అభ్యంతరం తెలిపే అవకాశం ఉంది. యోగ్యత విషయంలో అధ్యక్షుడు ఒంటరి కాడు.

6. సన్నిధి: అనువాదపు ఎడం

సన్నిధి సంగతి వేరు. అధ్యక్షుడు ఒక భాషలో మాట్లాడుతుంటే అద్దాల గదుల్లోని అనువక్తలు అదే సమయంలో తమతమ భాషల్లోకి మారుస్తారు. 552 మార్గాల్లో ప్రతిదానికీ నేరుగా అనువదించగలవారు లభించరు. అటువంటప్పుడు ఒక అనువక్త ముందుగా ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ వంటి మధ్యవర్తి భాషలోకి మారిస్తే, దాన్ని విని మరొకరు తమ భాషలోకి మారుస్తారు. మాల్టీస్‌లో పుట్టిన వాక్యం ఎస్టోనియన్ శ్రోతను చేరేలోపు రెండు నోళ్ళు దాటవచ్చు. ప్రతి మజిలీలోనూ కొంత ఎడం ఏర్పడుతుంది.

ఉపన్యాసం వినేవారికి ఈ ఎడం పెద్ద నష్టం కలిగించదు. ఓటింగ్ సమయంలో అలా కాదు. "ప్రారంభమైంది", "ముగిసింది" అనే రెండు మాటల మధ్య కాలమే సభ్యుని హక్కు వినియోగంలోకి వచ్చే కాలం. ఆ కాలం గోడ గడియారంలో అందరికీ సమానం. చెవిలో మాత్రం సమానం కాదు. అధ్యక్షుడు మాట్లాడే భాష నేరుగా తెలిసినవారికి అది పూర్తిగా దక్కుతుంది. అనువాదం ద్వారా వినేవారికి ముందు అంచు తరుగుతుంది. ఎడం తరువాత అనువాదం ద్వారా అనువాదాన్ని వినేవారికి మరింత తరుగుతుంది. అంశాల సంఖ్య పెరిగి ఓటింగ్ వేగం అందుకున్నకొద్దీ ఒక అంశపు ఫలితప్రకటన చెవిలో ఉండగానే తరువాతి అంశపు సంఖ్య వేదికపై వినిపించే పరిస్థితి రావచ్చు.

వేగాన్ని సమర్థించే వాదనలో సత్యం లేకపోలేదు. ఒక్కో పూట ఓటింగ్ పట్టికలో వందలకొద్దీ అంశాలుండవచ్చు. ప్రతి అంశానికీ సుదీర్ఘంగా ఆగితే సమావేశాల పంచాంగమే కూలిపోతుంది. కోరం నియమం సైతం వేగానికి అనుకూలమే: సభ్యుల్లో మూడోవంతు కోరమైనప్పటికీ, ఓటింగుకు ముందు 40 మంది సభ్యులు కోరితేనే అధ్యక్షుడు దాన్ని పరిశీలిస్తాడు, లేకుంటే ఎందరు పాల్గొన్నా ఆ ఓటు చెల్లుతుంది. అలసిపోయిన సభ కూడా వేగాన్నే కోరుకుంటుంది. కానీ ఆ వేగానికి చెల్లించే మూల్యం అన్ని భాషలవారి నుంచీ సమానంగా వసూలు కావడంలేదన్నది విమర్శ పట్టించుకోవలసిన అంశం. చిన్న భాష మాట్లాడేవారే దాన్ని ఎక్కువగా చెల్లిస్తారు.

"అందరూ ఓటు వేశారా?" అని అధ్యక్షులు ఓటింగ్ ముగించేముందు అడగడం వినిపిస్తుంది. పైకి మర్యాదగా కనిపించే ఈ ప్రశ్న నిజానికి సన్నిధిని పునరుద్ధరించే వాక్యం. అది ఆలస్యంగా చేరిన అర్థానికి చోటు ఇస్తుంది. ఎంతసేపు ఆగాలన్నది మాత్రం ఎక్కువగా అధ్యక్షుని చెవికీ, కంటికీ, ఓపికకూ వదిలిన విషయం.

7. 2019 మార్చి 26

కాపీహక్కుల ఆదేశంపై ఆనాడు జరిగిన ఓటింగ్ ఈ చర్చకు ఉపకరించే సందర్భం. సభ్యదేశాల మండలితో ముందే కుదిరిన ఒప్పందపాఠం సభ ముందుకొచ్చింది. అటువంటి పాఠాన్ని మొత్తంగా ఒకే ఓటుకు పెట్టడం ఆనవాయితీ. సభ ప్రత్యేకంగా అంగీకరిస్తే తప్ప విడి సవరణలు ఓటింగుకు రావు. సవరణలను చేపట్టాలా వద్దా అన్న ప్రశ్నకు అనుకూలంగా 312, ప్రతికూలంగా 317 ఓట్లు వచ్చాయి. అయిదు ఓట్ల తేడాతో ఆ ద్వారం మూసుకుపోయింది. వివాదాస్పదమైన 13వ అధికరణంపై విడిగా ఓటింగ్ జరగలేదు. పూర్తి పాఠం 348–274 ఓట్లతో ఆమోదం పొందింది. 36 మంది తటస్థంగా ఉన్నారు.

తాము ఓటు వేస్తున్నది ఏ ప్రశ్నపైనో పొరబడ్డామని కొందరు సభ్యులు అనంతరం తెలిపారు. నియమాల ప్రకారం ఓటు దిద్దుబాటును నమోదు చేయించుకోవచ్చు. కాని ప్రకటించిన ఫలితం మారదు. నమోదైన దిద్దుబాట్లను లెక్కలోకి తీసుకుంటే ఆ తొలి ప్రశ్న ఫలితం తారుమారయ్యేది.

ఇక్కడ లోపం ఎవరిదన్న విచారణ కన్నా ప్రశ్న నిర్మాణాన్ని పరిశీలించడం ఫలదాయకం. 13వ అధికరణాన్ని తొలగించాలనుకునేవారు తొలి ప్రశ్నకు "అనుకూలం" మీట నొక్కాలి. ఆదేశాన్ని యథాతథంగా కోరేవారు "ప్రతికూలం" నొక్కాలి. మరు ఓటులో ఇరువురి మీటలూ తలకిందులవుతాయి. మొదటిది పద్ధతి గురించిన ప్రశ్న, రెండవది పాఠం గురించిన ప్రశ్న. రెంటికీ మీటలు అవే. తెలుగులోనైనా "వద్దనుకునేవారు అవును అనాలి" అంటే శ్రోత ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఒక్క క్షణమే ఇక్కడ కీలకం. ఆకాంక్షను జాబితా పూరించింది. యోగ్యతను వరుస కాపాడింది. ప్రశ్న వెలువడిన క్షణానికీ, దాని భావం బుద్ధికి అందిన క్షణానికీ మధ్య ఎడం మాత్రం మిగిలింది. ఇది కేవలం భాషాంతరంవల్ల కలిగిన ఎడమని చెప్పడానికి ఆధారంలేదు. వాక్యం ఎంత వక్రంగా ఉంటే అధ్యక్షుడు అంత ఎక్కువగా ఆగవలసి ఉంటుందని మాత్రం ఈ సందర్భం నిరూపిస్తుంది. ఓటు దిద్దుబాటు నియమం సభ్యుని మనస్సాక్షిని కాపాడుతుంది గాని సభానిర్ణయాన్ని కాపాడదు.

8. అభిధ నుంచి ధ్వనికి

అధ్యక్షభాష వాచ్యార్థానికే కట్టుబడి ఉండాలన్నది అలిఖిత ధర్మం. కావ్యానికి ధ్వని ప్రాణమని ఆనందవర్ధనుడు చెప్పిన మాట ఇక్కడ తారుమారవుతుంది: అధ్యక్షవాక్యంలో ధ్వని ప్రవేశించడమే దోషం.

2020 జనవరి 29న బ్రిటన్ నిష్క్రమణ ఒప్పందం 621–49 ఓట్లతో ఆమోదం పొందింది. ఓటింగుకు ముందు జరిగిన చర్చలో నైజెల్ ఫరాజ్ ప్రసంగం చివర ఆయనా, అనుచరులూ బ్రిటిష్ జెండాలు ఊపారు. అధ్యక్షత వహిస్తున్న ఉపాధ్యక్షురాలు మైరీడ్ మెక్‌గిన్నెస్ మైకు ఆపించి, జెండాలు దించమని ఆదేశించారు. అది నియమపాలన. వెళ్ళిపోతున్నారు గనుక వాటినీ వెంట తీసుకువెళ్ళమన్న భావంలో ఆమె మరో మాట కలిపారు. ఆ మాట వాచ్యార్థంలో సామాన్యమైన సూచనే. వ్యంగ్యార్థంలో అది ఫరాజ్ ప్రసంగానికి ప్రత్యుత్తరం. మొదటి మాట అధ్యక్షస్థానం పలికింది. రెండవ మాట ఆ స్థానంలో కూర్చున్న ఐరిష్ ప్రతినిధి పలికింది. కొందరికి రెండో మాటే ఎక్కువ నచ్చి ఉండవచ్చు. సాహిత్యదృష్టిలో అది పదునైన మాట కూడా. కాని చర్చలో పాల్గొనదలిస్తే స్థానం దిగిరావాలన్న నియమాన్ని అది ఒక వాక్యం మేరకు దాటింది. పైగా వ్యంగ్యం అనువాదంలో నిలకడగా ప్రయాణించదు: ఒక భాషలో చమత్కారంగా, మరో భాషలో అవమానంగా, ఇంకో భాషలో ఉత్త సూచనగా వినిపించవచ్చు. బహుభాషా సభలో అధ్యక్షుని చమత్కారం సభను తెలియకుండానే శ్రోతృవర్గాలుగా చీలుస్తుంది.

9. సమసంఖ్య: రెండు సంప్రదాయాలు

ఓట్లు సమానమైనప్పుడు అధ్యక్షుడేం చేయాలన్న విషయంలో యూరోపియన్, భారతీయ సంప్రదాయాలు భిన్నమైనవి. భారత రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం స్పీకరు మొదట ఓటు వేయరాదు. సమానమైతే నిర్ణాయక ఓటు వేయాలి. యూరోపియన్ పార్లమెంటులో అధ్యక్షుడు ఇతరులతోపాటు ఓటు వేయవచ్చు; నిర్ణాయక ఓటు లేదు. సమానమైతే ఓటింగుకు పెట్టిన పాఠం సాధారణంగా తిరస్కృతమైనట్టే.

లోక్‌సభ స్పీకర్లలో తెలుగునేలకు చెందిన నీలం సంజీవరెడ్డి 1967లో ఆ పదవి చేపట్టినప్పుడు పార్టీ సభ్యత్వాన్ని వదులుకున్నారు. మరో తెలుగువారైన జి.ఎం.సి. బాలయోగి అధ్యక్షతన 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానం 269–270తో వీగిపోయింది. సమానం కాలేదు కనుక స్పీకరు ఓటుకు తావు రాలేదు. ఒడిశా ముఖ్యమంత్రి పదవిలో ఉంటూ లోక్‌సభ సభ్యునిగా కొనసాగుతున్న గిరిధర్ గమాంగ్ ఓటు వేయడాన్ని స్పీకరు ఆయన అంతరాత్మకే విడిచిపెట్టారు. అధికారం ఉన్నచోట మౌనం పాటించడం అక్కడ అధ్యక్షభాషగా మారింది. అదే సందర్భానికి యూరోపియన్ నియమాన్ని అన్వయించి, అధ్యక్షుని ఓటు తీర్మానానికి అనుకూలంగా పడిందనుకుంటే 270–270 అయ్యేది. తీర్మానం అప్పుడూ వీగిపోయేది. దారులు వేరైనా ఆ లెక్కలో గమ్యం ఒకటే.

భాష విషయంలో మాత్రం తేడా లోతైనది. రాజ్యాంగం 120వ అధికరణం ప్రకారం హిందీలోగాని ఇంగ్లీషులోగాని తగినంతగా వ్యక్తం చేసుకోలేని సభ్యుడు మాతృభాషలో మాట్లాడేందుకు అధ్యక్షుడు అనుమతించవచ్చు. యూరోపియన్ సభ్యునికి తాను కోరిన అధికార భాషలో మాట్లాడటం హక్కు. ఒకరిచ్చే అనుమతి కాదు. మాట్లాడే హక్కు దక్కినంత మాత్రాన సకాలంలో వినే హక్కు దక్కదని పై విశ్లేషణ చూపింది. భారత పార్లమెంటులో భారతీయ భాషలకు తత్క్షణ అనువాదం విస్తరిస్తున్న ఈ దశలో తెలుగు సభ్యునికీ ఆ ప్రశ్న దూరమైంది కాదు.

10. ముగింపు

యూరోపియన్ పార్లమెంటు అధ్యక్షభాషలో ఆకాంక్షను ఓటింగ్ జాబితా, యోగ్యతను సవరణల వరుస కాపాడుతున్నాయి. సన్నిధి మాత్రం వేదికపై ఉన్నవారి ఓపికపై నిలిచి ఉంది. నిష్పాక్షికతను అధ్యక్షుని మనఃస్థితిగా గాక శ్రోతకు అర్థం చేరే కాలంగా లెక్కించినప్పుడు ఈ లోటు కనిపిస్తుంది. ఓటింగ్ ముగింపును అనువాదం ముగింపుతో ముడిపెట్టడం, పద్ధతి గురించిన ప్రశ్నలో ప్రతి మీట ఫలితాన్నీ ఒక వాక్యంలో ముందుగా చెప్పడం అసాధ్యమైన సంస్కరణలు కావు. ఒక్కొక్క అంశానికి అవి కోరేది కొన్ని క్షణాలే.

తెలుగు పరిశోధనకు ఇందులో ఒక అవకాశం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభల కార్యకలాపాల నివేదికల్లో అధ్యక్షస్థానపు తెలుగు దశాబ్దాలుగా పోగుపడి ఉంది. అందులో ప్రశ్నను ఎలా కూర్చారు, "అవును", "కాదు" అనేవారిని ఎలా పిలిచారు, ఏ మాట వద్ద వాచ్యం వ్యంగ్యంగా మారింది అన్నవి శాబ్దబోధ పద్ధతిలో పరిశీలించదగిన అంశాలు. కావ్యవాక్యాన్ని తూచడానికి మన పూర్వులు సిద్ధం చేసిన తూనికరాళ్ళు శాసనవాక్యాన్ని తూచడానికీ సరిపోతాయి.